నలభై తొమ్మిదిన నీళ్ళు

మా పట్టణంలో నీళ్ళు ఎప్పుడొస్తాయో తెలుసుకోవడానికి మునుపు తెలివితేటలు అవసరమయ్యేవి కావు. ఎండాకాలం వారానికి ఒక్కసారే వచ్చేవి. వాల్వు తిప్పే మాలకొండయ్య ఇనుప కడ్డీ భుజాన వేసుకుని, సైకిలు మీద మా వీధి మలుపు తిరిగితే చాలు, బిందెలు గడప దాటేవి. చదువుకున్నవాళ్ళూ చదువుకోనివాళ్ళూ ఒకే వరసలో నిలబడి, ఒకే భాషలో తిట్టుకుని, నీళ్ళు పట్టుకుని లోపలికి వెళ్ళేవాళ్ళం. ఇందులో లోపమేమిటో మాకెవరికీ తోచలేదు. కొత్త మునిసిపల్ కమిషనర్ శశిభూషణరావుగారికి మాత్రం వచ్చిన మొదటి వారంలోనే తోచింది.

ఆయన పోటీ పరీక్ష రాసి వచ్చినవారు. ఆ పరీక్షలో రీజనింగ్ పేపరే ఆయన్ని గట్టెక్కించిందట. అక్షరాలను అంకెలుగా, అంకెలను మళ్ళీ అక్షరాలుగా మార్చే ప్రశ్నలుంటాయే, అవి. A ఒకటి, B రెండు అనుకుంటే CAT ఎంత అని అడుగుతారు. ఇరవై నాలుగు. నేను బీయస్సీలో లెక్కలు చదివాను కాబట్టి చెబుతున్నాను, ఆ జవాబు వల్ల పిల్లి గురించి కొత్తగా తెలిసేదేమీ ఉండదు.

కమిషనర్ గారి అభిప్రాయం వేరు. వార్డు మీటింగులో మైకు ముందు నిలబడి ఆయన ఇలా సెలవిచ్చారు.

"పౌరులు ఎట్టి ఆలోచనా లేకుండా నీటిని వినియోగిస్తున్నారు. ఇది మిక్కిలి శోచనీయం. శ్రమ లేకుండా లభించిన సమాచారం మెదడును మొద్దుబారుస్తుంది. కావున ఇకమీదట నీటి సరఫరా దినమును సంకేత రూపమున మాత్రమే ప్రకటించుటకు నిర్ణయించడమైనది. దీనికి మేధోజల పథకం అని నామకరణం చేయడమైనది. ఛేదించినవారికి నీరు. ఛేదించనివారికి స్ఫూర్తి."

మా ఎదురింటి కాశమ్మక్క లేచి నిలబడింది. ఆమె సాయంత్రం పూట తన అరుగు మీదే బజ్జీలు వేసి అమ్ముతుంది. వీధిలో ఆమె గొంతుకు మైకు అక్కర్లేదు.

"సారూ, ఆ స్ఫూర్తిని బిందెలో పట్టుకోవచ్చా?"

"మంచి ప్రశ్న. పరిశీలనలో ఉంచుతాం," అన్నారు కమిషనర్ గారు. పక్కనున్న గుమస్తా నిజంగానే రాసుకున్నాడు.

ఆ సోమవారం ఉదయం వాటర్ ట్యాంకు దగ్గర బోర్డు మీద "46" అని ఒక్క అంకె రాశారు. వీధి వీధంతా వెళ్ళి దాన్ని చూసి వచ్చింది. మా ఆయన టవలు భుజాన వేసుకుని వెళ్ళి, తిరిగొచ్చేటప్పుడు పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"మంగళవారం, రాజ్యం! TUE. ఇరవై, ఇరవై ఒకటి, అయిదు. మొత్తం నలభై ఆరు!"

మా ఆయన జూనియర్ కాలేజీలో సూపరింటెండెంటు. పెళ్ళికి ముందు మూడుసార్లు గ్రూపు పరీక్షలు రాసి, మూడుసార్లూ కొద్దిలో పోగొట్టుకున్నాడు. మూడుసార్లూ తప్పు ప్రశ్నపత్రానిదేనని ఇప్పటికీ నమ్ముతాడు. అలాంటి మనిషికి యాభై అయిదో ఏట మళ్ళీ పరీక్ష దొరికింది. ఆ మంగళవారం వచ్చిన నీళ్ళను ఆయన తాగలేదు. గ్లాసులో పోసుకుని కాసేపు చూశాడు.

మొదటి వారమే పేపరు లీకయింది. మాలకొండయ్య సోమవారం రాత్రే కాశమ్మక్కతో "రేపొద్దన లేచి ఉండక్కా" అన్నాడని ఎవరో మొర పెట్టుకున్నారు. విచారణ జరిగింది. వాల్వు తిప్పే మనిషికి నీళ్ళు ఏ రోజో ముందే తెలియడమే లీకేజికి మూలకారణమని తేలింది. అప్పటినుంచి మాలకొండయ్యకు కూడా అంకె మాత్రమే ఇచ్చారు. అతను ఆ చీటీ పట్టుకుని వచ్చి మా ఆయన చేత విప్పించుకుని, ఏ రోజంటే ఆ రోజు కడ్డీ తిప్పేవాడు. ఇందులో లోపం ఉందని కార్యాలయంలో ఎవరికీ అనిపించలేదు, ఎందుకంటే విధానం కట్టుదిట్టంగా ఉంది.

నెగటివ్ మార్కులు కూడా పెట్టారు. తప్పు రోజున కుళాయి దగ్గర బిందె పెట్టినవాళ్ళకు మరుసటి వారం ఒక బిందె కోత. దాంతో కోచింగ్ సెంటర్లు లేచాయి. బస్టాండు ఎదురుగా కట్టిన ఫ్లెక్సీలో చంకన నిండు బిందెలతో ఆడవాళ్ళ ఫొటోలు, కింద "తొలి ప్రయత్నంలోనే విజేతలు" అని. పక్క వీధిలో పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు పిల్లకు వంట వచ్చా అని అడగడం మానేసి, Z నుంచి వెనక్కి లెక్కపెట్టడం వచ్చా అని అడిగారట. ఆ పిల్ల వంట మాత్రమే వచ్చని చెప్పి తప్పించుకుంది. తెలివైన పిల్ల.

నాకు ఇందులో పెద్ద ఇబ్బంది కనిపించలేదు. మా ఆయన విప్పేవాడు, నేను పట్టేదాన్ని. కాశమ్మక్కకు ఏ రోజో నేను చెప్పేదాన్ని. అది మాస్ కాపీయింగ్ కిందికి వస్తుందని మా ఆయన గొణిగేవాడు. "అయితే నువ్వే వచ్చి పట్టుకో నన్ను," అనేది కాశమ్మక్క, పకోడీల జల్లెడ ఊపుతూ.

ఇలా ఉండగా మా అమ్మాయి లహరి పురిటికి వచ్చింది. మగబిడ్డ. పదకొండో రోజు ఆదివారం పడింది. ఆ రోజు తల్లికీ బిడ్డకూ తలస్నానం చేయించాలి, ఇల్లంతా కడగాలి, పక్కబట్టలన్నీ ఉతికి ఆరెయ్యాలి. మధ్యాహ్నానికి ఒంగోలు నుంచి వియ్యాలవారు వస్తారు. మా వియ్యపురాలు భానుమతి వదిన గ్లాసు అంచును కొంగుతో తుడుచుకుని గానీ ఎవరింటా నీళ్ళు తాగదు. ఆ గ్లాసులో పొయ్యడానికైనా ముందు నీళ్ళుండాలి. ఆ వారం కుళాయి మీద నేను పెట్టుకున్న ఆశ అంతా ఇంతా కాదు.

ఆ సోమవారం బోర్డు మీద "49" అని రాశారు.

"గురువారం!" అన్నాడు మా ఆయన ఇంకా చెప్పులు విప్పకుండానే. "THU. ఇరవై, ఎనిమిది, ఇరవై ఒకటి. నలభై తొమ్మిది. శుభం. ఆదివారానికి డ్రమ్ము నిండుగా ఉంటుంది."

కాఫీ తాగి బయటికి వెళ్ళినవాడు పది నిమిషాల్లో ముఖం ఎర్రగా చేసుకుని వచ్చాడు. కోచింగ్ సెంటరు మాస్టారు బుధవారం అంటున్నాడట. బుధవారం ఎలా అవుతుందని గుద్దులాట దాకా వెళ్ళిందట.

నేను పాల లెక్క రాసుకునే పెన్సిలు తీసుకుని క్యాలెండరు వెనక వేసి చూశాను. A నుంచి లెక్కపెడితే గురువారమే. కానీ Z ని ఒకటి అనుకుని వెనక నుంచి లెక్కపెడితే W నాలుగు, E ఇరవై రెండు, D ఇరవై మూడు. WED కూడా నలభై తొమ్మిదే. మిగతా రోజుల్లో ఏ రెంటికీ ఇలా కుదరదు. అన్ని రోజులూ వేసి చూశాను. కుదిరేది ఈ రెండింటికే. అందుకే ఇన్ని వారాలూ ఎవరికీ తగాదా రాలేదు.

"ఇద్దరిదీ సరే," అన్నాను. "ఏ వైపు నుంచి లెక్కపెట్టాలో వాళ్ళు చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ప్రశ్న స్థాయి తగ్గిపోతుందేమో. రెండు రోజులూ బిందె పెడదాం, వదిలెయ్యండి. ఒక బిందె కోత పడితే పడుతుంది."

కానీ ఆయన నా మాట వినడం లేదు. ముప్పై ఏళ్ళ క్రితం మూడుసార్లు పోయిన మార్కులు ఆయన కళ్ళ ముందు తిరుగుతున్నాయి. "ప్రశ్నలోనే తప్పుంది రాజ్యం," అన్నాడు మెల్లగా, దేవుడు కనిపించినట్టు. "నేను అభ్యంతరం పెడతాను."

పెట్టాడు. మధ్యాహ్నానికల్లా మాస్టారు కూడా పెట్టాడు. సాయంత్రానికి కార్యాలయం నుంచి ప్రకటన వచ్చింది. అభ్యంతరాలు స్వీకరించడమైనది, నిపుణుల కమిటీ పరిశీలించిన మీదట తుది కీ విడుదల చేయబడును.

బుధవారం నీళ్ళు రాలేదు. మా ఆయన మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. గురువారం కూడా రాలేదు. మీసం మీద నుంచి చెయ్యి తీశాడు.

శుక్రవారం ఉదయం మాలకొండయ్య సైకిలు నడిపించుకుంటూ పోతుంటే కాశమ్మక్క అడ్డం నిలబడింది.

"ఏందయ్యా మాలకొండయ్యా, నీళ్ళెప్పుడు వదులుతావు?"

"నేనేం చేసేదక్కా, కీ రాలా."

"కీ ఏంది? నీ భుజాన ఉందిగా అంత పొడుగు కడ్డీ!"

"అది వాల్వు కీ. నాకు కావాల్సింది తుది కీ. బుధారం తిప్పితే గురారమోళ్ళు కేసంటన్నారు, గురారం తిప్పితే బుధారమోళ్ళు కేసంటన్నారు. మొన్న లీకేజి ఎంకైరీకే నా రెక్కలు పడిపోయినయ్. కీ వచ్చిందాకా కడ్డీ ముట్టను."

ఇంటికి వచ్చి మా ఆయన్ని అడిగాను. ఆదివారం తల్లీబిడ్డలకు స్నానం ఎలాగని.

"కంగారు పడకు. తుది కీ మన పక్షమే వస్తుంది."

"వచ్చాక కీ తోనే స్నానం చేయించనా?"

లోపల లహరి బిడ్డ గుడ్డలు మడిచి మూల కుప్ప పెడుతోంది. ఉతికినవి అయిపోవచ్చాయి. "అమ్మా, మా అత్తగారికి ఫోన్ చేసి వచ్చే వారం రమ్మని చెప్పనా?" అంది. అంత చిన్న గొంతుతో అది మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. తొలి మనవడి పురుడు నీళ్ళు లేక వాయిదా పడిందని ఒంగోలులో భానుమతి వదిన ఎన్నేళ్ళు చెబుతుందో ఇద్దరికీ తెలుసు.

చీర మార్చుకుని, కాశమ్మక్కను తీసుకుని మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళాను.

కమిషనర్ గారు మమ్మల్ని కూర్చోబెట్టారు. మర్యాదస్తుడే. వెనక గోడ మీద పట్టణం మ్యాపులో వీధుల పేర్లు తీసేసి అంకెలు వేసి ఉన్నాయి.

"సార్, ఈ రోజు వదిలెయ్యండి. ఇంట్లో పసిబిడ్డ ఉన్నాడు," అన్నాను.

"అమ్మా, ఈ రోజు శుక్రవారం. శుక్రవారం అని ఏ అభ్యర్థీ సమాధానం ఇవ్వలేదు."

"పోనీ గురువారం అనుకుని వదలండి."

"అప్పుడు బుధవారం అన్నవారికి అన్యాయం జరుగుతుంది."

"బుధవారం అయిపోయింది గదా సార్."

"అందుకే కమిటీ," అన్నారాయన గంభీరంగా.

"పోనీ రెండు జవాబులూ సరైనవేనని ఒప్పుకోండి."

"ఒక ప్రశ్నకు రెండు సరైన సమాధానాలు ఉండరాదు. ఉన్నచో ప్రశ్నను తొలగించాలి. ప్రశ్నను తొలగిస్తే ఈ వారం నీళ్ళను కూడా తొలగించాల్సి వస్తుంది. అందుకే ఆలోచిస్తున్నాం. ప్రజలకు ఎట్టి నష్టమూ జరగకూడదన్నదే మా తపన."

కాశమ్మక్క నా వైపు చూసింది. మళ్ళీ ఆయన వైపు తిరిగి, "పుట్టి పది రోజులు గాని బిడ్డకు కూడానా సారూ ఈ లెక్కలు?" అంది.

"పథకంలో కనీస వయోపరిమితి పెట్టలేదమ్మా. పునాది ఎంత తొందరగా వేస్తే అంత గట్టిగా ఉంటుంది." ఆయన కాస్త మెత్తబడ్డారు. "అయినా మీ ఆవేదన నేను గుర్తించాను. రేపు సాయంత్రం మీ వార్డులో క్షేత్రస్థాయి పరిశీలన జరుపుతాను. ప్రజల స్పందన స్వయంగా తెలుసుకుంటాను."

"తప్పకుండా రండి సార్," అన్నాను. "మా ఇంట్లో పురిటి మైల కాబట్టి కాశమ్మక్క అరుగు మీద ఫలహారం ఏర్పాటు చేస్తాం."

ఆయన చాలా సంతోషించారు. ప్రజలు చైతన్యవంతులవుతున్నారని గుమస్తాతో అన్నారు.

శనివారం మధ్యాహ్నం కాశమ్మక్క శనగపిండి జల్లించి, ఇంట్లో మిగిలిన ఆఖరి చెంబు నీళ్ళు పోసి కలిపింది. పొడుగు పచ్చి మిరపకాయలు పళ్ళెంలో పెట్టుకుని, చాకుతో గాటు పెడుతూ నన్నడిగింది.

"గింజలు తీసెయ్యమంటావా రాజ్యం?"

"నిబంధనల్లో తియ్యాలని లేదు గదక్కా."

ఆమె నా ముఖం కేసి ఒక్క క్షణం చూసి, చాకు పక్కన పెట్టి, వాములో కాస్త కారం కూడా కలిపింది. నేను చెప్పలేదు. ఆమె సొంత ఆలోచన.

కమిషనర్ గారు అయిదింటికి వచ్చారు. మా వీధి నిండా ఖాళీ బిందెలు వరసగా పెట్టి ఉండటంతో జీపు మెయిన్ రోడ్డు మీదే ఆగిపోయింది. వెంట మాలకొండయ్య, కడ్డీతో సహా. వాల్వు గుంట మా మలుపులోనే ఉంది కాబట్టి దాన్ని కూడా పరిశీలిస్తారట.

వీధి ఆడవాళ్ళంతా చుట్టూ చేరారు. ఆయన అరుగు మీద కుర్చీలో కూర్చుని, బిందెల వరసను చూసి, "పోటీతత్వం బాగా పెరిగింది," అన్నారు. తర్వాత వేడి బజ్జీ తీసుకున్నారు. మాట్లాడుతూ ఉన్నారు కాబట్టి సగం ఒక్కసారే కొరికారు.

"సంకేత భాష అనేది మానవ మేధస్సుకు..." అని మొదలుపెట్టి, అక్కడ ఆగారు.

మేం శ్రద్ధగా విన్నాం. వాక్యం ముందుకు సాగలేదు. చెవులు ముందు ఎర్రబడ్డాయి, తర్వాత ముక్కు. కళ్ళలోంచి నీళ్ళు వచ్చాయి. ఆ వారం మా వీధిలో వచ్చిన మొదటి నీళ్ళు అవే.

"నీళ్ళు," అన్నారు.

ఎవరూ కదల్లేదు. కదలడానికి ఎవరి ఇంట్లోనూ ఏమీ లేదు. నా దగ్గర బిడ్డ కోసం కాచి పెట్టిన అరచెంబు ఉంది. అది నేను ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ కూడా చెప్పేదాన్ని కాదు.

"నీళ్ళండీ! మంచినీళ్ళు!"

"ఆఖరి చెంబు ఆ పిండిలోనే పోశాను సారూ," అంది కాశమ్మక్క భక్తిగా.

"సో... సోడా?"

"సోడా బండివాడు నీళ్ళు లేక రావటం మానేశాడు సార్," అన్నాను. "కుళాయికి వస్తే తప్ప ఈ వీధిలో చుక్క లేదు."

ఆయన లేచి నిలబడ్డారు. మెయిన్ రోడ్డు వైపు చూశారు. మధ్యలో బిందెల వరస. మాలకొండయ్య వైపు తిరిగారు.

"వదలవయ్యా! నీళ్ళు వదులు!"

మాలకొండయ్య కడ్డీ గట్టిగా పట్టుకున్నాడు. "అంకెలో చెప్పాల సార్. మామూలు తెలుగులో చెబితే లీకేజి కింద వస్తదని మీరే కాయితం ఇచ్చారు."

"అంకె... అంకె లేదయ్యా... హా... నేనే చెబుతున్నాను! నీళ్ళు! నీళ్ళు!"

"తుది కీయేనా సార్?"

"అవునయ్యా! ఇదే తుది కీ!"

"వార్డు మొత్తానికే గదా సార్?" అన్నాను నేను, బజ్జీల పళ్ళెం ఆయనకు దూరంగా జరుపుతూ. ఆయన తల అంత వేగంగా ఊపడం అంతమంది కళ్ళారా చూశారు. సాక్ష్యానికి లోటు లేదు.

మాలకొండయ్య మలుపు దాకా పరుగెత్తాడు. గుంటలో కడ్డీ దించి తిప్పాడు. కుళాయి మొదట దగ్గింది, తర్వాత గాలి ఊదింది, తర్వాత తుప్పు రంగులో ఒక ధార వచ్చి, తెల్లబడింది. కమిషనర్ గారు బిందెల వరస దాటి ముందుకు వెళ్ళి, కుళాయి కింద నోరు పెట్టారు. వరస తప్పారని ఎవరూ అనలేదు. ఆయన తాగడం అయ్యాక కాశమ్మక్క మర్యాదగా పక్కకు జరిపి, తన బిందె పెట్టింది.

ఆ గంటలో మా డ్రమ్ము నిండింది, గాబు నిండింది, పప్పు గిన్నెలు కూడా నిండాయి. మా ఆయన రెండు చేతులా బకెట్లు మోస్తూ, మధ్యలో ఒకసారి ఆగి, "అంటే తుది కీ శనివారమా రాజ్యం?" అన్నాడు. నేను మూడో బకెట్టు కూడా ఇచ్చాను.

మర్నాడు ఉదయమే కార్యాలయ ప్రకటన వచ్చింది. నలభై తొమ్మిదో సంఖ్య ప్రశ్న సాంకేతిక కారణముల చేత తొలగించడమైనది. సమాధానంతో నిమిత్తం లేకుండా పౌరులందరికీ ఒక గంట నీరు కలపడమైనది. సంకేత పద్ధతిని మరింత పటిష్ఠపరచు వరకు, సరఫరా దినము తాత్కాలికంగా మామూలు తెలుగులో ప్రకటించబడును. తన అభ్యంతరం నెగ్గిందని మా ఆయన ఆ కాగితాన్ని ఫ్రేము కట్టించమన్నాడు. కట్టించాను. పెరట్లో డ్రమ్ము పైన తగిలించాను.

వేడినీళ్ళు పడగానే మనవడు వీధంతా వినబడేలా ఏడ్చాడు. వాడికేం కావాలో అందరికీ వెంటనే అర్థమైంది. లహరి తడిజుట్టుకు సాంబ్రాణి పొగ పట్టించుకుంటూ నవ్వింది. భానుమతి వదిన గ్లాసు అంచు తుడుచుకుని రెండు గ్లాసులు తాగి, "మీ ఊళ్ళో నీళ్ళకు బాగానే ఉందే!" అంది. నేను ఔనన్నాను.

పురుడు అయిపోయింది కాబట్టి కమిషనర్ గారిని కూడా భోజనానికి పిలిచాం. వచ్చారు. పెదవులు ఇంకా కాస్త ఉబ్బి ఉన్నాయి. బిడ్డను ఆశీర్వదించి, మేధావి కావాలని దీవించారు. నేను గిన్నె ఆయన ముందు పెట్టాను. ఆయన చెంచా పట్టుకుని, గిన్నెలోకి చూసి, నా వైపు చూశారు.

"అమ్మా, ఇందులో ఏముందో మామూలు తెలుగులో చెప్పండి."

"పాయసం సార్."

ఆయన తల ఊపారు. అయినా చెంచా ముంచే ముందు ఎడమ చేత్తో నీళ్ళ గ్లాసు దగ్గరికి జరుపుకుని, అది నిండుగా ఉందో లేదో చూసుకున్నారు.